నాన్న నర్సరీని మందుల్లేకుండా నడుపుదామని మొదలుపెట్టా, మొదటి ఏడాదే దెబ్బ తిన్నా. ఎక్కడ తప్పు చేశాను?

లంకమొక్క · జూన్ 11, రాత్రి 10:40

అందరికీ నమస్కారం అండి. మాది కడియం మండలం. ఎకరంన్నర నర్సరీ, అందులో అరెకరం కౌలు. నాన్న మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పుడు నాన్న, అమ్మ, నేను, నా భార్య, ఆరుగురు కూలీలు. జామ, మామిడి అంట్లు, మందారం, క్రోటన్లు, కరివేపాకు, కొన్ని కొబ్బరి మొక్కలు, సీజన్‌లో కూరగాయల నారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి రెండేళ్లయింది.

వచ్చిన కొత్తలోనే ఒకటి చూసి తట్టుకోలేకపోయా. పొద్దున పురుగుమందు కొట్టిన వరసల్లోనే సాయంత్రం అమ్మ కూర్చుని కలుపు తీస్తుంది. ఆ చేతులతోనే టీ పెడుతుంది. పోయిన ఏడాది ఉగాది నాడు నాన్నతో చెప్పేశా, ఇక మందులు బంద్ అని. నాన్న ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు కాదని ఇప్పుడు తెలిసింది, ఆ సంగతి తర్వాత చెప్తా.

రెండు ఆవుల్ని తెచ్చా. 200 లీటర్ల డ్రమ్ములో జీవామృతం: పేడ 10 కిలోలు, మూత్రం 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, శనగపిండి 2 కిలోలు, గట్టు మీది మట్టి గుప్పెడు. పురుగులకి వేపాకుతో నీమాస్త్రం కూడా చేశా. యూరియా, 19-19-19 లాంటి రసాయన ఎరువులు పూర్తిగా ఆపేశా.

ఏడాదిలో జరిగింది ఇదీ. వంగ, టమాటా నారు ట్రేలకు ట్రేలు మొదట్లో కుళ్లి పడిపోయింది. మందారాలు పసుపెక్కి ఎదుగూబొదుగూ లేకుండా ఉండిపోయాయి. జామ మొక్కలు కొన్ని పైకి బాగానే ఉండి ఒక్కసారిగా వాడిపోయాయి. ఒక పెద్ద ఆర్డరు లారీ ఎక్కించే రోజు కొనేవాళ్లు ఆకు చూసి వద్దన్నారు. "నీ ఆవు మూత్రంతో అప్పు తీరదురా" అన్నారు నాన్న.

మానేయమని చెప్పడానికైతే ఎవరూ శ్రమ పడొద్దు, ఇంట్లోనే రోజూ వింటున్నా. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి చాలు.

పాతకత్తి · జూన్ 12, ఉదయం 5:20

జామ మొక్క వాడిపోతే కవరు చింపి చూశావా, చూడలేదా?

పెంట ఎక్కడిది, ఎన్నాళ్లు మాగింది?

లంకమొక్క · జూన్ 12, మధ్యాహ్నం 1:15

బాబాయ్ గారూ, మీరు అడిగాక ఇప్పుడే వెళ్లి ఇరవై కవర్లు చింపాను. పన్నెండింటిలో పురుగులు ఉన్నాయి. తెల్లగా, లావుగా, గుండ్రంగా ముడుచుకుని, తల మాత్రం గోధుమ రంగు. కొన్నింటిలో ఒక్కో కవరుకి మూడేసి. మొక్క పట్టుకుని లాగితే ఊడి చేతికొచ్చేసింది. కింద వేరే లేదు, చెక్కిన పెన్సిల్ లాగా కాండం ఉంది అంతే.

పెంట పక్క ఊళ్లో కొన్నాం. రెండు నెలలది అన్నారు. పైన ఎండింది కానీ లోపల పచ్చిగా, వెచ్చగా ఉండేది.

పాతకత్తి · జూన్ 12, రాత్రి 8:05

ఇంకేముంది. వేరుపురుగు. పచ్చి పెంటలో పెంకుపురుగు గుడ్లు పెడుతుంది, నువ్వు పిల్లల్ని తెచ్చి కవర్లలో పంచావు. ఇన్నాళ్లూ గుళికల మందు చల్లేవాళ్లు కాబట్టి మీ నాన్నకి అవి కనపడలేదు. మందు ఆపావు గానీ పెంట మార్చలేదు.

పొలంలో అయితే వేరుకి పారిపోయే చోటుంటుంది. కవరులో అర కిలో మట్టి. దాంట్లో ఒక పురుగున్నా మొక్క మొత్తం దానిదే.

పెంట ఆరు నెలలు మాగాలి. చేత్తో పిసికితే పొడిపొడిగా రాలాలి, వాసన రాకూడదు, లోపల చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. నింపే ముందు జల్లెడ పట్టించు. జల్లెడ మీద పురుగులు మిగిలితే కోళ్లకి వెయ్యి. మా ఇంట్లో జల్లెడ చప్పుడు వింటే కోళ్లు పరిగెత్తుకొస్తాయి.

మందుల_కొట్టు · జూన్ 12, రాత్రి 9:30

తమ్ముడూ, ఏమీ అనుకోకు. నేను మందులమ్మేవాణ్ణే, నా మాట ఎలాగూ నమ్మవు. అయినా చెప్తా. పొలం వేరు, నర్సరీ వేరు. పొలంలో దిగుబడి పది శాతం తగ్గినా రైతు బతుకుతాడు. నర్సరీలో ఆకు మీద మచ్చ ఉంటే మొక్క అమ్ముడే పోదు. మీ నాన్న నీకంటే తెలివైనవాడు.

కుటుంబం మొత్తం దాని మీదే బతుకుతున్నప్పుడు ప్రయోగాలు పదో వంతు మొక్కల మీద చెయ్యాలి, ఎకరంన్నర మీద కాదు.

మట్టి_మాస్టారు · జూన్ 13, ఉదయం 6:45

పైన కొట్టు అబ్బాయి చెప్పిన చివరి మాట నిజం. మొదటి మాట సగం నిజం. నేను ఉద్యానశాఖలో చేసి రిటైరయ్యాను, కాస్త వివరంగా చెప్తాను, విసుక్కోకండి.

ప్రకృతి వ్యవసాయం నేర్పే సుభాష్ పాలేకర్ గారి పద్ధతిలో జీవామృతం ఎరువు కాదు. ఆయనే ఆ మాట చెప్తారు. అది పెరుగు తోడు లాంటిది. పాలుంటే తోడుకుంటాయి, ఉత్త గిన్నెలో తోడు వేస్తే ఏం తోడుకుంటుంది? పొలంలో మట్టి లోతుగా ఉంటుంది, మీద ఎండుటాకుల ఆచ్ఛాదన ఉంటుంది, వానపాములు కింద నుంచి పైకి వస్తాయి. ఆ సూక్ష్మజీవులకు అక్కడ పని ఉంటుంది, తిండి ఉంటుంది. నీ కవరులో ఏముంది? ఎర్రమట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు. వేసవిలో రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తావు, ఉన్న కాస్త పోషకం అడుగు కన్నాల్లోంచి పోతుంది. ఆ కవరులో నెలకు నాలుగుసార్లు జీవామృతం పోసినా మందారం ఆకలితోనే ఉంటుంది. నీ మందారాలకు తెగులు కాదు, పస్తు.

కాబట్టి తిండి కవరు నింపేటప్పుడే పెట్టాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, మాగిన పెంటా వర్మికంపోస్టూ కలిపి ఒక పాలు. ఎనిమిది పది అంగుళాల కవరుకి వేపపిండి ఒక గుప్పెడు. తర్వాత నెలన్నరకోసారి పైన ఘనజీవామృతమో వర్మికంపోస్టో గుప్పెడేసి వేసి మట్టితో కలియబెట్టాలి. ఇవన్నీ చేశాక జీవామృతం పదింతలు నీళ్లు కలిపి పదిహేను రోజులకోసారి పోయి, అప్పుడు పనిచేస్తుంది.

నారు సంగతి. అది నారుకుళ్లు తెగులు. వత్తుగా చల్లడం, ట్రే ఎప్పుడూ తడిగా ఉండటం, గాలి ఆడకపోవడం దానికి కావాలి. లేత నారు మీద బెల్లం నీళ్లు కూడా పోశావు కదూ? ట్రేల మీద జీవామృతం వద్దు. 90 కిలోల మాగిన పెంట, 10 కిలోల వేపపిండి, కిలో ట్రైకోడెర్మా విరిడి (తెగులు బూజుని అణిచే మేలైన శిలీంధ్రం) కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టాలు కప్పి వారం పది రోజులు ఉంచు. మధ్యలో ఒకసారి తిరగెయ్యి. కుప్ప మీద తెల్లగా, తర్వాత ఆకుపచ్చగా బూజు వస్తే పని అయినట్టు. దాన్ని మీ మిశ్రమంలో కలుపు. ఆ తర్వాత ఆ మట్టికి రసాయన శిలీంధ్రనాశిని తగలనీయకు, తగిలితే ఇదంతా వృథా.

లంకమొక్క · జూన్ 13, ఉదయం 7:30

మాస్టారూ, "తెగులు కాదు, పస్తు" అన్న మాట అమ్మకి చదివి వినిపించా. "నేను చెప్తూనే ఉన్నా, ఆకులు అన్నం లేని పిల్లల మొహాల్లా ఉన్నాయని" అంది. అవును, ట్రేల మీద జీవామృతం పోశా. పైగా ఎక్కువ పోస్తే ఎక్కువ బలం అనుకుని నీళ్లు కలపకుండా.

కోనసీమ_పొట్టు · జూన్ 13, మధ్యాహ్నం 12:10

కొబ్బరి పొట్టు కడిగి వాడుతున్నారా? మాది ఆ వ్యాపారమే. కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది, లేత వేర్ల కొనలు మాడిపోతాయి. తొట్టిలో నానబెట్టి మూడుసార్లు నీళ్లు మార్చండి. నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే చిన్న ఈసీ మీటరు కొనుక్కోండి, పిండిన నీళ్లలో పెట్టి చూస్తే ఒకటి లోపు రావాలి. కడిగిన పొట్టు అని అమ్మేవాళ్లందరూ కడగరు, నేనే చెప్తున్నా.

పెరటిగేటు · జూన్ 14, రాత్రి 11:00

నేను కొనేవైపు మనిషిని. విశాఖ, బెంగళూరుల్లో ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టులు చేస్తాను, ఏడాదికి పదిసార్లు కడియం వస్తాను. నిజం చెప్పనా? సేంద్రియమా కాదా అని నన్ను ఇంతవరకు ఒక్క కస్టమరూ అడగలేదు. ఆరడుగులుందా, ఆకు నిండుగా ఉందా, జీఎస్టీ బిల్లు ఇస్తారా, అంతే.

కానీ ఇంకో సంగతుంది. మా కాంట్రాక్టుల్లో ఏడాది మెయింటెనెన్స్ ఉంటుంది. చచ్చిన మొక్కకి బదులు మొక్క మా ఖర్చుతో పెట్టాలి. యూరియా పోసి నెలలో పొడుగు లాగిన మొక్కలు లారీలో నిగనిగలాడుతూ వస్తాయి. పాతిన పది రోజులకి ఆకు మొత్తం రాలుస్తాయి. కాండం మెత్తగా ఉంటుంది, వేరు కవరు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ఒకసారి నాలుగు వందల మొక్కల్లో వంద మళ్లీ పెట్టించా, ఆ పనిలో మిగిలింది పోయింది.

మీరు సహజం, ప్రకృతి అనే మాటలతో నాకు అమ్మలేరు. నాటిన మొక్క బతుకుతుందని చూపించగలిగితే ఐదు రూపాయలు ఎక్కువిచ్చి కొంటాను. నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు.

సిద్దిపేట_జామతోట · జూన్ 15, సాయంత్రం 6:20

అన్నా, వేర్ల ముచ్చట వచ్చింది కాబట్టి నా కడుపుమంట కూడా చెప్తా. మూడేండ్ల కింద తైవాన్ జామ మొక్కలు తెచ్చి రెండెకరాలు పెట్టిన. ఎక్కడ తెచ్చిన్నో పేరు చెప్పను. మొదటి ఏడు మంచిగనే ఉన్నయి. రెండో ఏడు కాయ పడుతుంటే ఆకు ఎర్రబారి, కొమ్మలు ఎండుడు మొదలైంది. నీళ్లు తక్కువైనయేమో అని ఇంకా పెట్టిన. ఒక చెట్టు తవ్వి చూస్తే వేర్లకు పూసలదండ గుచ్చినట్టు బుడిపెలు. నులిపురుగులంట. అవి నా భూమిలో పుట్టినయి కావు, మొక్కతోటి కవర్లో వచ్చినయి. ఇప్పుడు ఆ రెండెకరాల్ల మళ్లీ జామ పెట్టలేను.

మీరు జీవామృతం పోస్తరో యూరియా పోస్తరో నాకు అక్కరలేదు. ఆ కవర్ల మట్టి ఎక్కడిదో చెప్పండి.

పాతకత్తి · జూన్ 15, రాత్రి 8:40

ఈ తమ్ముడి బాధ నిజం. పోయిన మొక్కల కవర్లు దులిపి, ఆ మట్టే మళ్లీ కొత్త కవర్లలో నింపే నర్సరీలున్నాయి. మట్టి లోడు ఖర్చు మిగులుతుందని. నేనూ చేశాను ఒకప్పుడు, దాచుకోవడం దేనికి. చచ్చిన మొక్క దేనితో చచ్చిందో ఆ మట్టికి తెలుసు, మనకి తెలీదు.

మట్టి_మాస్టారు · జూన్ 16, ఉదయం 6:30

వేరుముడి నులిపురుగు జామకు చాలా చెడ్డది. తోటలోకి వచ్చాక వదిలించడం దాదాపు అసాధ్యం. ఆపగలిగేది నర్సరీలోనే. సహజ పద్ధతి అంటే మందు లేకపోవడం ఒక్కటే అనుకుంటే, ఏ మందూ కొట్టని నర్సరీ కూడా నులిపురుగుని మూడు జిల్లాలకు పంచిపెట్టగలదు. ఈ మాట కొంచెం గట్టిగానే చెప్తున్నా.

వేసవిలో చెయ్యాల్సింది మట్టిని ఎండకు కాల్చడం. మట్టిని జానెడు ఎత్తున పరిచి, బాగా తడిపి, పల్చటి పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు మట్టితో మూసేసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలెయ్యాలి. నల్ల షీటు వద్దు, ఎండ లోపలికి పోవాలి. కాలువలు కట్టేసే రోజుల్లో మీకు ఎలాగూ పని తక్కువ, ఎండలు మండుతుంటాయి, అదే సమయం. తర్వాత వేపపిండితో పాటు పెసిలోమైసిస్ లిలాసినస్ అని దొరికే జీవశిలీంధ్రాన్ని పెంటలో మాగబెట్టి కలపాలి. కవర్లు నేల మీద పెట్టకుండా కింద కంకరో మందపాటి షీటో పరచాలి, లేకపోతే వేరు కవరు దాటి నేలలోకి దిగి అక్కడి నులిపురుగుని తెచ్చుకుంటుంది.

డాలస్_కరివేపాకు · జూన్ 16, రాత్రి 9:15

కాస్త పక్కదారి, క్షమించాలి. ఇక్కడ టెక్సాస్‌లో మనవాళ్లందరి పెరట్లో కరివేపాకు ఉంటుంది, కానీ ఆ మొక్కని వేరే రాష్ట్రంలో ఉన్న చెల్లెలికి పంపాలంటే నిబంధనలు అడ్డొస్తాయి. నిమ్మజాతికి గ్రీనింగ్ తెగులు మోసే సిల్లిడ్ అనే చిన్న పురుగు కరివేపాకు మీద బతుకుతుందట. మొదట నవ్వుకున్నా, కరివేపాకుకి కూడా వీసానా అని. పైన జామ రైతు గారి పోస్టు చదివాక నవ్వు రాలేదు.

మట్టి_మాస్టారు · జూన్ 17, ఉదయం 6:10

పక్కదారి ఏం కాదమ్మా. ఆ సిల్లిడ్ మన దగ్గరా ఉంది, ఆ తెగులు మన బత్తాయి తోటల్లోనూ ఉంది. లంకమొక్కా, మీ కరివేపాకు వరసల పక్కన నిమ్మ, బత్తాయి మొక్కలు పెట్టావా? పెడితే ఈరోజే విడదియ్యి.

లంకమొక్క · జూన్ 17, రాత్రి 10:05

పెట్టాం మాస్టారూ. పక్కపక్కనే. పొద్దున మార్చాం, సగం రోజు పట్టింది.

సరే, నాన్న సంగతి చెప్తానన్నాను కదా. ఏప్రిల్‌లో మందారాలకి పిండినల్లి విపరీతంగా పట్టింది. కుంకుడురసం కొడుతూ వచ్చా. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. ఒకరోజు తెల్లవారుజామున లేచి చూస్తే షేడ్‌నెట్ కింద ఘాటు వాసన. నాన్న రాత్రి రెండింటికి లేచి, టార్చిలైటు నోట్లో పెట్టుకుని, పాత డబ్బాలో మిగిలిన మందు కొట్టేశారు. అడిగితే, "ఆర్డరు పోతే కౌలు ఎవడు కడతాడు?" అన్నారు. కోపం వచ్చింది. తర్వాత ఆయన వయసులో రాత్రి రెండింటికి స్ప్రేయర్ మోస్తూ తిరిగారే అని వేరే బాధ.

మందు కొట్టిన మూడు వారాలకి పిండినల్లి అంతకు రెండింతలు వచ్చింది. ఎందుకో నాకింకా అర్థం కాలేదు.

మిద్దెతోట_అక్క · జూన్ 18, ఉదయం 11:20

తమ్ముడూ, హైదరాబాద్‌లో మా మిద్దె మీద మందారాలకీ ఇదే గొడవ. నేను చేత్తో నలిపేస్తుంటాను. పెద్దవి ఉంటాయి చూడు, ఒళ్లంతా తెల్ల ఉన్ని దారాలు వేలాడుతూ, వాటిని ముందు చంపుతా. అయినా తగ్గవు.

మట్టి_మాస్టారు · జూన్ 18, మధ్యాహ్నం 3:40

అయ్యో అమ్మా! ఆ పెద్దవాటిని చంపకండి. అవి చాలావరకు పిండినల్లి కావు, పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్లలు. క్రిప్టోలీమస్ అంటారు. శత్రువుల మధ్య తిరగడానికి శత్రువు వేషమే వేసుకుంటాయి. తేడా ఎలా తెలుస్తుందంటే, పుల్లతో కదపండి. పిండినల్లి బద్ధకంగా ఉన్నచోటే ఉంటుంది. ఇది గబగబా నడిచి పోతుంది. సైజులోనూ పెద్దది, దారాలు పొడుగు.

లంకమొక్కా, నీ ప్రశ్నకి జవాబు కూడా ఇదే. మీ నాన్నగారి మందుకి ముందు చచ్చింది ఇవి. పిండినల్లికి ఒంటి మీద మైనపు పొర ఉంటుంది, కొన్ని మిగిలిపోతాయి. తినేవాళ్లు లేని చోట మిగిలినవి పిల్లల్ని పెట్టాయి. ఇంకోటి, మొక్కల మధ్య చీమలు తిరుగుతున్నాయా? పిండినల్లి కార్చే తీపి కోసం చీమలు కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుని దగ్గరికి రానివ్వవు. చీమల్ని ఆపితే సగం పని అయినట్టే.

మందుల_కొట్టు · జూన్ 18, రాత్రి 9:00

ఇది నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. ఆ తెల్లవి చూపించి మందు ఇమ్మన్నవాళ్లకి ఇరవై ఏళ్లుగా మందిచ్చాను.

పాతకత్తి · జూన్ 19, ఉదయం 5:10

కొబ్బరి మొక్కల సంగతి ఎవరూ అడగలేదు. సర్పిలాకార తెల్లదోమ ఉందా?

లంకమొక్క · జూన్ 19, రాత్రి 9:50

ఉంది బాబాయ్. ఆకు కింద ముగ్గు వేసినట్టు తెల్లగా చుట్టలు, కింది ఆకుల మీద నల్లటి మసి.

మట్టి_మాస్టారు · జూన్ 20, ఉదయం 7:00

ఆ దోమ మన దేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర కనపడింది. పొల్లాచ్చి నుంచి గోదావరి దాకా అది రెక్కలతో ఎగిరి రాలేదు, లారీల్లో మొక్కలతో పాటు వచ్చిందంటే నమ్మొచ్చు. అరటి, జామ, ఇంకా చాలా అలంకరణ మొక్కల మీద కూడా బతుకుతుంది. అందుకే నర్సరీలో దీన్ని చూసీచూడనట్టు వదలకూడదు.

ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని కందిరీగ దాని పిల్లల్లో గుడ్లు పెట్టి చంపుతుంది. గట్టి మందు కొడితే ముందు పోయేది అదే. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు ఐసేరియా ఫ్యుమోసోరోసియా అనే శిలీంధ్రాన్ని తయారుచేసి రైతులకి ఇస్తున్నారు. మీకు దగ్గరే, వెళ్లి కలువు. ఆకు అడుగు తడిసేలా సాయంత్రం కొట్టాలి, గాలిలో తేమ ఉన్న రోజుల్లో బాగా పనిచేస్తుంది. మసికి గంజి చాలు. లీటరు నీళ్లకు 10 గ్రాముల మైదా ఉడికించి, వడకట్టి కొడితే ఎండాక పొరలా పెచ్చులూడి మసిని తీసుకుపోతుంది. పురుగున్న మొక్కలు తగ్గేవరకు ఊరు దాటనీయకు, ఎంత మంచి బేరం వచ్చినా.

మిద్దెతోట_అక్క · జూన్ 20, ఉదయం 11:05

ఇవన్నీ చేశాక "సేంద్రియ నర్సరీ" అని బోర్డు పెట్టుకోవచ్చు కదా తమ్ముడు? మాలాంటి వాళ్లం అది చూసే వస్తాం.

పెరటిగేటు · జూన్ 20, రాత్రి 10:30

ధ్రువీకరణ లేకుండా ఆ మాట రాయొద్దు, ఎవరైనా అడిగితే చూపించాలి. బోర్డు కంటే ఒక నోట్‌బుక్ నయం. ఏ వరసలో ఏ తేదీన మట్టి నింపారు, ఏం కలిపారు, ఏం కొట్టారు. నాకది చూపిస్తే బోర్డు చదవను కూడా. ఉద్యానశాఖ లైసెన్సు మాత్రం పైకి కనపడేలా పెట్టండి.

లంకమొక్క · అక్టోబర్ 22, రాత్రి 9:10

నాలుగు నెలలు కనపడలేదు, క్షమించండి. వానాకాలం మొత్తం అంట్లు, లోడింగులతో ఊపిరి ఆడలేదు.

కొట్టు అన్న చెప్పినట్టు ముందు ఒక మూలకి పరిమితం చేశా. జామ 1,500, మందారం 800. మిగతా నర్సరీ ఏడాదిపాటు నాన్న పద్ధతిలోనే నడవనివ్వాలని ఇద్దరం ఒప్పుకున్నాం, ఒక్క షరతు మీద. మందు కొట్టిన వరసలో అమ్మగానీ కూలీలుగానీ మూడు రోజులు కూర్చోకూడదు. రాత్రిపూట ఎవరూ కొట్టకూడదు. (నాన్న నవ్వారు.)

పెంట పాత కుప్పదే తెచ్చి జల్లెడ పట్టాం. పురుగులు ఒక బేసిన్ నిండా వచ్చాయి. బాబాయ్ గారూ, మా కోళ్లకి ఇప్పుడు జల్లెడ చప్పుడు తెలుసు. మట్టికి ఎండ పెట్టే టైము దాటిపోయింది, అది వేసవికే. ఈసారికి పొలం మట్టి మానేసి గుట్ట ఎర్రమట్టి కొత్త లోడు తెప్పించి, అందులో పెసిలోమైసిస్ కలిపిన పెంట వేశాం.

నేను కొత్తగా నేర్చుకున్నది అమ్మ దగ్గర. నీళ్లు ఎప్పుడు పొయ్యాలో ఎలా తెలుస్తుందని అడిగా. అమ్మ ఏమీ చెప్పలేదు, వరసలో మూడో కవరు ఎత్తి నా చేతిలో పెట్టింది. తర్వాత ఇంకోటి పెట్టింది. మొదటిది తేలిగ్గా ఉంది, రెండోది బరువుగా ఉంది, అడుగు నుంచి చల్లగా తడి తగులుతోంది. "తేలికైతే పొయ్యి, బరువైతే పోకు, రోజూ రెండు పూటలా పోయమని నీకెవడు చెప్పాడు" అంది. టైమరు పెట్టి స్ప్రింక్లర్లు తిప్పింది నేనే. ట్రేలలో నారుకుళ్లు సగానికి సగం తగ్గడానికి కారణం ట్రైకోడెర్మానా, ఆ టైమరు తీసెయ్యడమా అంటే చెప్పలేను.

పోయినవీ ఉన్నాయి. జామ 1,500లో సుమారు 200 పట్టుకోలేదు, సెప్టెంబరు వానలకి అడుగున నీళ్లు నిలిచి. కంకర పరచడం బద్ధకించిన వరసలోనే పోయాయి. మందారాలు యూరియా వరసలకంటే జానెడు పొట్టిగా ఉన్నాయి, ఆకు రంగు కూడా కొంచెం లేత. కానీ కవరు చింపితే తెల్లటి వేరు మట్టి ముద్దని వల లాగా పట్టుకుని ఉంది. నాన్న ఆ ముద్దని చేతిలో పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. "ఇది లోడింగులో కదిలినా రాలదు" అన్నారు. అంతే అన్నారు.

పిండినల్లి ఇంకా ఉంది, తక్కువగా. అక్షింతల పురుగులు వచ్చాయి. చీమలకి బెంచీల కాళ్ల కింద నీళ్ల డబ్బాలు పెట్టాం.

డబ్బు లెక్క ఇంకా తేలలేదు. జల్లెడకి, కవర్లు నింపడానికి కూలి ఎక్కువైంది, మందుల ఖర్చు తగ్గింది. ఈ సీజన్‌కి మిగిలిందంటూ ఏమీ లేదు, పోయిందీ లేదు. లెక్కలన్నీ నా భార్య రాస్తోంది, నోట్‌బుక్ కూడా తనదే.

పెరటిగేటు · అక్టోబర్ 23, ఉదయం 10:15

మందారం 150 నాకు పెట్టండి. పొట్టిగా ఉన్నా పర్వాలేదు. 150 మీవి, 150 వేరే చోటివి ఒకే సైట్‌లో నాటిస్తా. ఆర్నెల్ల తర్వాత ఎన్ని బతికాయో ఇక్కడే రాస్తా, మీకు నచ్చినా నచ్చకపోయినా.

సిద్దిపేట_జామతోట · అక్టోబర్ 23, రాత్రి 8:50

తమ్మీ, వేరే భూమి అరెకరం ఉంది, దాంట్ల జామ పెడదామనుకుంటున్న. 250 మొక్కలు కావాలి. కానీ నేనే వస్త. నాకిష్టమొచ్చిన పది కవర్లు చింపి, వేర్లు కడిగి చూస్త. ఒక్క బుడిపె కనపడ్డా ఖాళీ బండితోనే పోత. ఒప్పుకుంటవా?

లంకమొక్క · అక్టోబర్ 23, రాత్రి 10:20

రండి అన్నా. పది కాదు, ఇరవై చింపండి. నాన్నకి మీ పోస్టు చదివి వినిపించా. పొద్దున గేటు పక్కన నీళ్ల డ్రమ్ము, ప్లాస్టిక్ టబ్బు పెట్టించారు, వేర్లు కడగడానికి. చింపిన మొక్కల డబ్బు మాత్రం సగం మీరిచ్చుకోవాలంటున్నారు, ఆయన వ్యాపారి కదా.

సిద్దిపేట_జామతోట · అక్టోబర్ 23, రాత్రి 10:40

సగం ఏంది, మొత్తం ఇస్త. బుడిపె లేకుంటే.

మిద్దెతోట_అక్క · అక్టోబర్ 24, ఉదయం 9:30

నాకు ఆరు మందారాలు కావాలి తమ్ముడు. కొరియర్ చేస్తారా?

లంకమొక్క · అక్టోబర్ 24, మధ్యాహ్నం 1:00

కొరియర్‌లో మట్టి ముద్ద పగులుతుంది అక్కా. గురువారం హైదరాబాద్ లోడు ఉంది, ఒక మూలన మీవి పెట్టిస్తా, ఎక్కడ దించాలో మెసేజ్ చేయండి. ఒక మొక్క మీద రెండు తెల్ల ఉన్ని పురుగులు కూడా వస్తాయి. అవి పిండినల్లి కావు, పుల్లతో కదిపి చూశా. చంపకండి.